బ్యాండు వచ్చింది సరే, వ్యాసం రాయడం ఎప్పుడు నేర్పుతాం?

సంపాదకుల వారికి నమస్కారం.

బాలాజీ కాలనీలోనో ఎయిర్ బైపాస్ రోడ్డులోనో నడుస్తుంటే విదేశాల్లో పీజీ సీటు వచ్చిన మన బిడ్డల ఫొటోలు ఫ్లెక్సీల మీద కనిపిస్తుంటాయి. ఫొటో కింద ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో వచ్చిన బ్యాండు, అంటే స్కోరు, పెద్ద అంకెల్లో ఉంటుంది. చిత్తూరులోనూ ఇదే వరస. ఆ అంకె కోసం పిల్లలు పడ్డ కష్టాన్ని మేం తక్కువ చేయడం లేదు. అయితే అది వచ్చిన రోజు నుంచి విమానం ఎక్కే రోజు దాకా దొరికే రెండు మూడు నెలలు వీసా కాగితాలకు, బ్యాంకు లోనుకు, బట్టలకు, ఊరగాయలకు పోతాయి. రాత ఊసే ఉండదు. పీజీ విద్యార్థులకు ఇంగ్లీషు రాత నేర్పే అధ్యాపకులుగా మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. ఐఈఎల్‌టీఎస్‌కు నేర్చుకున్న రాత వేరు, అక్కడ ఎమ్మెస్సీలో అడిగే రాత వేరు. ఆ రెండోది ఇక్కడే, బయల్దేరక ముందే మొదలుపెట్టాలి.

తేడా ఏమిటో చూడండి. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో రాత పరీక్ష మొత్తం 60 నిమిషాలు. మొదటి ప్రశ్నకు కనీసం 150 పదాలు, రెండో ప్రశ్నకు కనీసం 250. మీకు తెలిసినదాని నుంచి, మీ అనుభవం నుంచి ఉదాహరణలు ఇవ్వమని రెండో ప్రశ్న కిందే రాసి ఉంటుంది. ఏమీ చదివి రానక్కర్లేదు, ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు. బ్రిటన్‌లో ఒక మాడ్యూల్‌కు, అంటే ఒక సబ్జెక్టుకు, రాసే వ్యాసం మామూలుగా 2,500 నుంచి 4 వేల పదాలు ఉంటుంది. అందులో సొంత అనుభవానికి దాదాపు చోటు లేదు. ప్రతి మాటకూ ఎవరన్నారు, ఏ ఆధారంతో అన్నారు, ఆ ఆధారం ఎంత గట్టిది అని లెక్క చెప్పాలి. ఏడు బ్యాండు వచ్చిన విద్యార్థి మొదటి వ్యాసంలో 45 మార్కులకు ఆగిపోతే దానికి కారణం ఇంగ్లీషు రాకపోవడం కాదు. ఈ రెండో ఆట నియమాలు ఎవరూ చెప్పలేదంతే. అక్కడ పీజీలో 50 వస్తే పాస్, 60 మెరిట్, 70 డిస్టింక్షన్ అన్న సంగతి కూడా ముందే చెప్పాలి. మన 80, 90ల లెక్కతో పోల్చుకుని 62 వచ్చిందని కుంగిపోయే పిల్లలున్నారు. 62 మంచి మార్కే.

అన్నిటికంటే ముందు నేర్పాల్సింది మూలం చెప్పడం. దీనికి మన భాషలోనే మంచి దారి ఉంది. తెలుగులో 'అట' అనే చిన్న ముక్క చేసే పని గమనించండి. 'వాన పడుతుందట' అంటే ఆ మాటకు పూచీ మనది కాదు, ఇంకెవరో చెప్పారని వినేవారికి తెలిసిపోతుంది. 'పడుతుంది', 'పడొచ్చు', 'పడేలా ఉంది', 'పడుతుందట' అనే నాలుగింటి మధ్య తేడా బడి మొహం చూడని అవ్వకు కూడా తెలుసు. ఇంగ్లీషు క్రియకు ఆ తోక లేదు. అక్కడ ఆ పనిని రచయిత పేరు, సంవత్సరం, వాటికి ముందు వాడే క్రియ కలిసి చేస్తాయి. 'షోస్' అని రాస్తే ఆ విషయం రుజువైందని మీరూ ఒప్పుకున్నట్టు. 'ఆర్గ్యూస్' అంటే అది ఆయన వాదన. 'సజెస్ట్స్' అంటే ఆధారం అటువైపు చూపిస్తోంది కానీ ఇంకా తేలలేదు. 'క్లెయిమ్స్' అంటే మీకు నమ్మకం కుదరలేదు. మన విద్యార్థులు అన్నిచోట్లా 'సెడ్', 'స్టేటెడ్' అని నెట్టుకొస్తారు, లేదా పేరే ఎత్తరు. ఎత్తకపోతే 'అట' రాలిపోయినట్టే. మోసం చేయాలనే ఉద్దేశం లేకపోయినా కాపీ అనే ఆరోపణ మీదికి వస్తుంది. కాబట్టి చిత్తుప్రతి పూర్తయ్యాక ఒక్కో వాక్యాన్నీ మనసులో తెలుగులోకి తిప్పి చదవండి. ఎక్కడ 'అట' చేర్చాలనిపిస్తుందో అక్కడ మూలం తప్పనిసరి. ఎక్కడ 'కావచ్చు' అనిపిస్తుందో అక్కడ 'మే', 'అపియర్స్ టు' లాంటి మాట పడాలి.

రెండోది, చదివినదాన్ని సొంత మాటల్లో చెప్పడం. మాటకు మాట మార్చి పెడితే సరిపోతుందని పిల్లలు అనుకుంటారు. వాక్యం ఎముకల గూడు అలాగే ఉండిపోయి పైన పదాలు మాత్రం మారతాయి. మూలం పేరు రాసినా ఈ అతుకుల రాతను అక్కడ తప్పుగానే చూస్తారు. మాటలు మార్చే సాఫ్ట్‌వేర్లు వాడితే ఇంకా ఘోరం. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' కాస్తా 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్'గా, 'బ్రెస్ట్ క్యాన్సర్' కాస్తా 'బుజమ్ పెరిల్'గా మారి అచ్చయిన వ్యాసాలను 2021లో పరిశోధకులు గుర్తించి బయటపెట్టారు. శాస్త్రంలో స్థిరపడిన పదాన్ని మార్చకూడదు. వాక్యం నడకను మార్చాలి.

దానికి మేం నేర్పే పద్ధతి ఇది. మూలంలోని పేరాను రెండుసార్లు చదవండి. పుస్తకం మూసేయండి. అందులో ఉన్నదాన్ని పది పదిహేను తెలుగు మాటల్లో నోటు పుస్తకంలో రాసుకోండి. పక్కనే రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబరు. ఆ నంబరు అప్పుడే రాయకపోతే చివరి రాత్రి దొరకదు. కనీసం కొన్ని గంటలు ఆగి, మూలం ముట్టకుండా, ఆ తెలుగు నోటు ముందు పెట్టుకుని ఇంగ్లీషులో రాయండి. చివర్లో మూలంతో పోల్చి అర్థం తప్పిందేమో, సాంకేతిక పదాలు కాని మాటలు నాలుగైదు వరుసగా అలాగే వచ్చాయేమో చూసుకోండి. ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు పాత వాక్యం వెంటాడుతుంది. మధ్యలో తెలుగు అడ్డం నిలబడితే వెంటాడదు. ఇంగ్లీషు బాగా రావాలంటే తెలుగు మానేయాలనే సలహా మాకు ఒప్పుదల కాదు.

వ్యాసాన్ని ఇతర రాతలతో పోల్చే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్ గురించిన భయం సగం అపోహ. అది కాపీని పట్టుకునే యంత్రం కాదు, ఎక్కడెక్కడ మాటలు కలిశాయో చూపే అద్దం. నివేదికలో 24 శాతం దాకా ఆకుపచ్చ, 25 నుంచి పసుపు, 50 నుంచి నారింజ, 75 నుంచి ఎరుపు కనిపిస్తాయి. రిఫరెన్సుల జాబితా, కొటేషన్లు కలిసి 22 శాతం వచ్చిన వ్యాసంలో ఏ తప్పూ లేకపోవచ్చు. 6 శాతమే వచ్చినా ఆ ఆరూ ఒకే చోట ఒకే పేరాగా ఉంటే విచారణకు పిలవొచ్చు. మన దగ్గర యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా శిక్ష లేదని ఉంది కాబట్టి అక్కడా అదే గీత అనుకుని వెళ్తున్నారు. అక్కడ చూసేది శాతాన్ని కాదు, ఏ భాగం కలిసిందో.

ఇక వాక్యం. తెలుగువారి ఇంగ్లీషు రాతలో అసలు చిక్కుముడి ఇక్కడే ఉందని మా నమ్మకం. 'రైతులు బోర్లు వేసి, నీళ్లు పడక, అప్పులపాలై, ఊరు వదిలారు.' తెలుగులో ఇది చక్కని వాక్యం. దీన్నే 'హ్యావింగ్' అని మొదలుపెట్టి ఇంగ్లీషులో గొలుసు కడితే రెండు విధాల తెగుతుంది. మొదటిది, కర్త మారిపోయింది. బోర్లు వేసింది రైతులు, పడనివి నీళ్లు. తెలుగు దీన్ని సహిస్తుంది, ఇంగ్లీషు సహించదు. రెండోది ఇంకా లోతైనది. 'వేసి' అన్నది కాలక్రమం, 'పడక' అన్నది కారణం, 'అప్పులపాలై' అన్నది రెండూ కావచ్చు. తెలుగు శ్రోత సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాడు. అక్కడ దిద్దేవారు మాత్రం అంచులో 'తరవాతా, అందువల్లా?' అని ప్రశ్న రాస్తారు. అది వ్యాకరణ ప్రశ్నలా కనిపించే పరిశోధన ప్రశ్న. అప్పు వల్లే వలస జరిగిందని ఆధారం ఉందా, లేక ఒకదాని తరవాత ఒకటి జరిగాయా? అందుకని చిత్తులో ప్రతి 'చేసి', 'పోయి', 'లేక' దగ్గర ఆగి, అది కాలమా కారణమా తేల్చుకుని, దానికి తగిన కలుపుమాట పెట్టి వాక్యం విడగొట్టాలి. సగటున 20, 25 పదాలకు మించని వాక్యాలు రాస్తే ఈ ముళ్లు చాలావరకు విడిపోతాయి.

ఏకవచన బహువచనాల తప్పులకూ కారణం తెలుగులోనే దొరుకుతుంది. మనకు పరిశోధనలు, సలహాలు, సాక్ష్యాలు, పరికరాలు అని బహువచనం సహజం. దాంతో 'రీసెర్చెస్', 'అడ్వైసెస్', 'ఎవిడెన్సెస్', 'ఎక్విప్‌మెంట్స్' అని రాసేస్తారు. ఇవి ఇంగ్లీషులో లెక్కపెట్టని పదాలు. ఇలాంటివాటిలో తరచూ తప్పేవి ఓ ఇరవై ఉంటాయి, జాబితా రాసి గోడకు అంటించుకుంటే వారంలో వదిలిపోతాయి. 'డిస్కస్' పక్కన 'ఎబౌట్' కూడా అంతే. 'ఎ', 'ది'ల సంగతి అంత తొందరగా తేలదు, తెలుగులో వాటికి సాటి లేదు కాబట్టి. ప్రతి నామవాచకం దగ్గరా ఇది లెక్కపెట్టేదా, ఏదో ఒకటా లేక చదివేవారికి ఇప్పటికే తెలిసిన ఫలానాదా అని అడుగుతూ పోవాలి. వ్యాసమంతా ఒకేసారి దిద్దకండి. రోజుకొక పేజీ, అదీ ఆర్టికల్స్ కోసమే. పూర్తిగా పోకపోయినా ఫరవాలేదు. ఆర్టికల్ తప్పుల వల్ల ఫెయిలైన వ్యాసం అరుదు, వాదన లేక ఫెయిలైనవే ఎక్కువ.

వాదన అంటే మళ్లీ మన పరీక్షల అలవాటు అడ్డొస్తుంది. నిర్వచనం, లక్షణాలు, లాభాలు, నష్టాలు, ముగింపు అని సైడ్ హెడింగులు పెట్టి నల్ల స్కెచ్‌తో గీత గీసే జవాబు అక్కడ పనికిరాదు. 'క్రిటికల్లీ ఎవాల్యుయేట్' అని ప్రశ్నలో ఉంటే దాన్ని 'విమర్శించు' అని అర్థం చేసుకుని తప్పులు వెతకడానికి కూర్చుంటారు. వాళ్లు అడిగేది తూకం. ఏ ఆధారం ఎంత బరువు, ఎందుకు అని.

దీనికి మాకు తెలిసిన మంచి సాధనం ఒక పట్టిక. అంశం చిత్తూరు జిల్లా తోతాపురి మామిడి రైతుకు దక్కే ధర అనుకుందాం. చదివిన 15, 20 పరిశోధన పత్రాలను వరుసకొకటిగా రాయండి. నిలువు గడుల్లో ఎక్కడ చేశారు, ఏ ఏడాది, ఎంతమందిని అడిగారు, ఏ పద్ధతి, ఏం తేలింది, ఏ లోపం ఉంది అని పెట్టండి. వ్యాసం రాసేటప్పుడు అడ్డం వరుసలు చూసి రాస్తే 'ఆయన ఇలా అన్నారు, ఈవిడ అలా అన్నారు' అనే చాకలి పద్దు తయారవుతుంది. నిలువు గడి చూసి రాయాలి. గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర సమాచారం తీసుకున్న పత్రాలన్నీ ఒకవైపు, రైతుల్ని నేరుగా అడిగినవి ఇంకోవైపు తేలితే ఆ తేడా ఎందుకొచ్చిందన్నదే మీ పేరా. అందరూ ఒక్క సీజన్ లెక్కలే తీసుకున్నారని కనిపిస్తే అదే మీ పరిశోధనకు ఖాళీ. 'ఈ అంశంపై ఎవరూ పరిశోధన చేయలేదు' అని రాయడం ప్రమాదం. దిద్దేవారికి ఒక్కటి గుర్తొచ్చినా మీ మాట పడిపోతుంది.

ఉపోద్ఘాతానికి జాన్ స్వేల్స్ 1990లో వివరించిన మూడడుగుల నమూనా చాలు. ఈ రంగం ఎందుకు ముఖ్యం, ఇందులో ఏది తేలలేదు, నేను ఏం చేస్తున్నాను. 'నేటి ఆధునిక ప్రపంచంలో' అని మొదలయ్యే మొదటి పేరాను కొట్టేసి రెండో పేరా నుంచి చదవండి, చాలాసార్లు ఏ నష్టమూ ఉండదు. వాక్యాల చట్రాలు కావాలంటే మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ల అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ నెట్‌లో ఉచితంగా ఉంది.

డిసర్టేషన్, అంటే పీజీ చివర రాసే పెద్ద పరిశోధన వ్యాసం, దగ్గర దెబ్బతినేది ఎక్కువగా కాలం విషయంలో. బ్రిటన్ పీజీ 180 క్రెడిట్లు, అందులో సాధారణంగా 60 డిసర్టేషన్‌వే. అంటే చదువులో మూడో వంతు. 15 వేల పదాలైతే ఉపోద్ఘాతానికి 1,500, పూర్వ పరిశోధనల సమీక్షకు 4 వేలు, పద్ధతికి 2,500, ఫలితాలకు 3 వేలు, చర్చకు 3 వేలు, ముగింపుకు వెయ్యి అని ముందే పంచుకోవాలి. మనవాళ్లు సమీక్షకే 8 వేలు పోసి, మార్కులు పడే చర్చకు 800 మిగుల్చుకుంటారు. మనుషుల్ని ప్రశ్నించే పరిశోధనైతే యూనివర్సిటీ ఇచ్చే ఎథిక్స్ (పరిశోధన నైతికత) అనుమతి చేతికొచ్చాకే మొదటి ప్రశ్న అడగాలి. ముందే ఊరికి ఫోన్లు చేసి సేకరించిన సమాచారానికి తరవాత అనుమతి ఇవ్వరు, దాన్ని వాడుకోనివ్వరు. ఇంకో చిన్న తప్పు ప్రతి ఏడూ కనిపిస్తుంది. ముందు రాసిన ప్రపోజల్‌లోని 'విల్' (చేస్తాను) వాక్యాలను డిసర్టేషన్‌లో అలాగే అతికించేస్తారు. చేసేసిన పనికి భూతకాలం రాయాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా సెలవులనుకుని పూర్తి సమయం ఉద్యోగానికి ఒప్పుకోవడం కూడా పొరపాటే. పీజీ వారికి ఆ నెలలు చదువు కాలమే, వారానికి 20 గంటల పరిమితి అప్పుడూ ఉంటుంది.

కృత్రిమ మేధ సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేం. ఏ మేరకు వాడొచ్చో మాడ్యూల్‌కో నియమం ఉంటుంది, అది రాతపూర్వకంగా చదువుకోవాలి. యంత్రం ఇచ్చే రిఫరెన్సుల్లో అసలు లేనివి కూడా ఉంటాయి. ఒక్కోదాన్నీ లైబ్రరీలో తెరిచి చూడనిదే జాబితాలో చేర్చకండి. ఇంకో వైపు, ఏమీ వాడని వారికీ ముప్పుంది. 2023లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, ఇంగ్లీషు మాతృభాష కాని వారు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను, రాసింది యంత్రమా మనిషా అని తేల్చే ఏడు డిటెక్టర్లకు ఇస్తే సగటున 60 శాతానికి పైగా యంత్రం రాసినవని తప్పుగా తేల్చాయి. సులువైన, ఊహించదగిన పదాలతో రాసేవారే ఎక్కువగా దొరికిపోతారు. కాబట్టి మొదటి రోజు నుంచే చిత్తుప్రతులు దాచుకోండి. వర్డ్‌లోనో గూగుల్ డాక్స్‌లోనో వెర్షన్ హిస్టరీ ఉండేలా రాయండి. తెలుగు నోటు పుస్తకం కూడా అప్పుడు సాక్ష్యమే. వాట్సాప్‌లో వచ్చే 'అసైన్‌మెంట్ హెల్ప్' వాళ్ల జోలికి పోవద్దు. డబ్బుకు వ్యాసాలు రాసివ్వడం ఆస్ట్రేలియాలో 2020 నుంచి, ఇంగ్లండులో 2022 నుంచి చట్టప్రకారం నేరం. రాయించుకున్నవారిని యూనివర్సిటీకి పట్టిస్తామని బెదిరించి మళ్లీ డబ్బు గుంజే ముఠాలున్నాయి. ఆ బెదిరింపు ఇంట్లో చెప్పుకోలేక నలిగిపోయే బిడ్డల గురించి తల్లిదండ్రులు ఆలోచించాలి.

చిన్నవి ఇంకొన్ని. లక్షలు, కోట్లు అక్కడ అర్థం కావు. 12,50,000 అని కాకుండా 1,250,000 అని కామా మార్చాలి. ఎకరాలను హెక్టార్లలో చెప్పాలి, అంకణం అంటే ఎన్ని చదరపు మీటర్లో మొదటిసారే రాయాలి. తెలుగు రచయితల పేర్లలో ముందున్న పొడి అక్షరం ఇంటిపేరు. ప్రచురణలో పేరు ఎలా అచ్చయిందో చూసి జాబితాలో అలాగే, అన్నిచోట్లా ఒకేలా పెట్టాలి. గూగుల్ స్కాలర్ ఇచ్చే రిఫరెన్సులో పేజీ నంబర్లు, పెద్దక్షరాలు తరచూ తప్పుతాయి. రిఫరెన్సులు దాచి జాబితా చేసే జొటేరో సాఫ్ట్‌వేర్ ఉచితం, వెళ్లకముందే వేసుకుని 20 పత్రాలతో అలవాటు చేసుకోండి. సూపర్‌వైజర్‌కు మెయిల్ రాసేటప్పుడు 'రెస్పెక్టెడ్ సర్', 'డూ ది నీడ్‌ఫుల్' వద్దు. రెండు పేజీల చిత్తు, మూడు స్పష్టమైన ప్రశ్నలు పంపితే మంచి జవాబు వస్తుంది. యూనివర్సిటీలు చదువు మధ్యలో నడిపే ఉచిత రాత తరగతులకు మొదటి వారంలోనే పేరు ఇవ్వండి, తరవాత సీట్లు ఉండవు.

మా కోరిక పెద్దది కాదు. తిరుపతిలో 1954 నుంచి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. 2015 నుంచి ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. పరిశోధన పత్రాలు రాసే అధ్యాపకులకు ఈ ఊళ్లో కరువు లేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా, విదేశాలకు వెళ్లేవారి కోసం వారానికి రెండు సాయంత్రాల చొప్పున ఆరు వారాలు, మొత్తం 24 గంటలు ఒక తరగతి నడపొచ్చు. ఇరవై మందికి మించొద్దు, మించితే దిద్దడం కుదరదు. మొదటి రెండు వారాలు చదివి తెలుగు నోటు రాయడం, సొంత మాటల్లో చెప్పడం. తరవాతి రెండు వారాలు పట్టిక, దాని నుంచి ఒక్కో పేరా. చివరి రెండు వారాలు కనీసం ఎనిమిది మూలాలతో 1,500 పదాల వ్యాసం, దాన్ని ఒకసారి దిద్దించుకుని తిరగరాయడం. ఆ తిరగరాయడం తీసేస్తే మిగతాది వృథా. కోచింగ్ సెంటర్లు కూడా బ్యాండు వచ్చిన విద్యార్థిని పంపేయకుండా మొదటి రెండు వారాల పాఠమైనా కలపవచ్చు. మీ పత్రిక చదువుల పేజీలో వారానికొక పేరా వేసి, దాన్ని దిద్దిన తీరు పక్కనే చూపిస్తే చిత్తూరు, పుంగనూరు, శ్రీకాళహస్తి పిల్లలకూ అందుతుంది. దిద్దే పని మేం ఉచితంగా చేస్తాం.

ఇట్లు,
పీజీ విద్యార్థులకు ఇంగ్లీషు రాత బోధించే కొందరు అధ్యాపకులు,
తిరుపతి, చిత్తూరు.